చూడటానికి వెళ్తామా, కనబడటానికి వెళ్తామా?

ఈ వారం కన్నప్ప కథ వీడియో ఎడిట్ చేస్తూ ఒకచోట ఆగిపోయాను. వీడియోలో ఆ ముక్క పది సెకన్లు కూడా లేదు. కానీ అది నన్ను నేరుగా అబిడ్స్ జీపీఓ ముందు ఫుట్‌పాత్ మీదికి, నా డిగ్రీ రోజుల్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. వీడియోలో చెప్పే సందర్భం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగే ఉంటుంది, టీ పక్కన పెట్టుకుని చదవండి.

కథ మీకు తెలిసిందే. శ్రీకాళహస్తిలో వేటగాడు తిన్నడు, శివలింగం కంటి నుంచి నెత్తురు కారడం చూసి తన కన్ను బాణంతో పెకలించి అక్కడ పెట్టాడు. నెత్తురు ఆగింది. అంతలో రెండో కన్ను మొదలైంది. మందు తెలిసిపోయింది కదా, ఇంకేముంది, తన రెండో కన్ను కూడా తియ్యబోయాడు. కానీ ఒక చిక్కు. అది కూడా తీసేస్తే తనకేమీ కనబడదు. మరి ఆ కన్ను ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? అందుకని ముందుగానే కాలు ఎత్తి స్వామి కంటి దగ్గర ఆనించి గుర్తు పెట్టుకున్నాడు.

ఇక్కడ మనమందరం ఏం చెప్తాం? స్వామి మీద కాలు పెట్టినా స్వామి తప్పుగా తీసుకోలేదు, భక్తి అంటే అదీ, అంటాం. నేను కూడా వీడియోలో అదే చెప్పాను. మా వాడు మాత్రం ఈ కథ ఎప్పుడొచ్చినా ఒకటే మాట అనేవాడు. "భక్తి సంగతి తర్వాత రా. కన్ను పోయేముందే కాలుతో గుర్తు పెట్టుకున్నడు చూడు, అది మన పని. కన్నప్ప మనోడు."

మా వాడు అంటే డిగ్రీలో నా క్లాస్‌మేట్. అబిడ్స్ పక్కనే మా కాలేజీ. 2009లో చేరాం ఇద్దరం. వాడిది నల్లగొండ వైపు పల్లె, హాస్టల్లో ఉండేవాడు. నాది మలక్‌పేట. వాడి పేరు ఇక్కడ రాయను, వాళ్ళింట్లో వాళ్ళని అడగలేదు. అయినా మేమిద్దరం పేర్లతో పిలుచుకున్నది తక్కువ. వాడు నాకు 'దూరదర్శన్', నేను వాడికి 'సైడ్ హీరో'. ఎందుకో చెప్తా.

మొదటి వారం. నోటీస్ బోర్డు మీద టైమ్ టేబుల్ అతికించారు. నేను గుంపంతా పోయేదాకా ఆగి, బోర్డుకి ముక్కు ఆనించి, తల పక్కకి వంచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నా. వెనక ఎక్కడో పదడుగుల దూరం నుంచి ఒక గొంతు గడగడా చదివేసింది: సోమవారం ఫస్ట్ అవర్ ఇంగ్లీష్, సెకండ్ అవర్ ఎకనామిక్స్ అని. అబ్బ, ఏం చూపు అనుకున్నా. ఆ గొంతుగల మనిషి రెండడుగులు ముందుకి వేసి, మా ఇద్దరి మధ్యలో ఉన్న బెంచీ మీద బోర్లా పడ్డాడు. అంత పెద్ద బెంచీ! నాకే కనబడింది.

లేపి కూర్చోబెట్టాను. "నీక్కూడానా?" అన్నాడు. నేను "నాకేం లేదు" అన్నా. "మరి బోర్డును ముద్దెందుకు పెట్టుకుంటున్నవ్?" అన్నాడు.

వాడిది రెటినైటిస్ పిగ్మెంటోసా. రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందు పోతాయి. అంటే చీకటి పడితే చూపు దాదాపు ఉండదు, పగలు కూడా పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు. ఆ గొట్టం మధ్యలో మాత్రం చాలా ఏళ్ళు చూపు స్పష్టంగానే ఉంటుంది. దూరంగా వచ్చే బస్సు నంబర్ చదువుతాడు, కాళ్ళ ముందున్న కుక్కని తొక్కుతాడు. నాది స్టార్‌గార్ట్. సరిగ్గా తిరగబడ్డ కేసు. చూపుకి నడిబొడ్డు అయిన మాక్యులా పాడవుతుంది. అంచులు బాగుంటాయి, మధ్యలో ఒక మచ్చ. దేన్ని నేరుగా చూస్తే అది మాయం. మీ ముఖం చూడాలంటే నేను మీ చెవి వైపు చూడాలి. మీ కళ్ళలోకి చూశానో, మీ ముఖమే ఉండదు.

మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లో విజన్ అంటే ఏమిటో కొలతలు ఉన్నాయి. అద్దాలు పెట్టుకున్నాక కూడా మంచి కంటిలో చూపు 6/18 కంటే తగ్గి 3/60 దాకా ఉండటం, లేదా చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉండటం. మొదటిది నేను, రెండోది వాడు. నాది అప్పట్లో 6/60. అంటే మామూలు కంటికి అరవై మీటర్ల నుంచి కనబడే అక్షరం నాకు ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగానీ కనబడదు. గుడ్డికన్నా మెల్ల నయం అని సామెత ఉంది కదా. ఆ 'నయం' దగ్గరే అసలు గొడవ. పూర్తిగా కనబడకపోతే చేతికి కర్ర వస్తుంది, ఎదుటివాడికి అర్థమవుతుంది. సగం కనబడేవాడికి ఏ గుర్తూ ఉండదు. ఫోన్‌లో మెసేజ్ చదువుకుంటాడు, ఎదురొచ్చిన మేనమామని పలకరించకుండా పోతాడు. చూసేవాళ్ళకి పొగరు అనిపిస్తుంది, లేకపోతే నాటకం అనిపిస్తుంది.

ఆ బెంచీ రోజు నుంచి మా ఇద్దరిదీ ఒక ఒప్పందం. వాడు పైన, నేను కింద. వాడి చెయ్యి నా భుజం మీద. వాడు బస్సు బోర్డులు, షాపు పేర్లు, పరీక్ష హాల్లో గోడ మీది రూమ్ నంబర్లు చదువుతాడు. నేను గుంతలు, మెట్లు, పార్క్ చేసిన బండ్ల హ్యాండిళ్ళు, పక్క నుంచి దూసుకొచ్చే ఆటోలు చెప్తా. అబిడ్స్ నెహ్రూ విగ్రహం నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఆ నడక నడిస్తే తెలుస్తుంది మీకు. అంతా కనబడేవాళ్ళకే అది ఒక పరీక్ష. మేం నడిచేవాళ్ళం, అదీ కబుర్లు చెప్పుకుంటూ.

తర్వాత ఎప్పుడో సాంఖ్యం గురించి చదువుతుంటే ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో మమ్మల్నే చూసినట్టయింది. పురుషుడు, ప్రకృతి కలవడం ఎలాంటిదంటే, కుంటివాడు గుడ్డివాడి భుజమెక్కి దారి చూపించడం లాంటిది అని అక్కడ పోలిక. పంగ్వంధ న్యాయం అంటారు. వాడికి చెప్తే తెగ నవ్వాడు. "అండ్ల ఒకడు ఎక్కుతడు, ఒకడు మోస్తడు. మన దగ్గర ఎవడు ఎవడిని మోస్తున్నడో తెల్వదు కదరా" అన్నాడు. నిజమే, తెలిసేది కాదు.

ఆదివారాలు మా పండగ. అబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాడు నిలబడి గొట్టం తిప్పుతున్నట్టు తల తిప్పుతూ ఒక్కో పేరు చదివేవాడు. ఉర్దూ నవలలు, ఇంజినీరింగ్ గైడ్లు, అట్టపోయిన చందమామలు. నేను కూర్చుని, పెద్దక్షరాల పుస్తకం ఏది తగిలినా తీసి పక్కన పెట్టేవాణ్ణి. రూమ్‌కి వెళ్ళాక వాడు చదవాలి, నేను వినాలి. భారతం సగం నేను వాడి గొంతులోనే విన్నాను. నల్లగొండ యాసలో ధర్మరాజు మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, చాలామందికి తెలియదు.

ఇప్పుడు గుడి సంగతి. మాకు దగ్గర్లో పెద్ద గుడి అంటే నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్. 1976లో తెరిచారు, అంతా తెల్లటి పాలరాయి. మధ్యాహ్నం ఎండ ఆ రాతి మీద పడితే నాకు ఏమీ కనబడదు, కళ్ళలో సున్నం పోసినట్టే. పొద్దుగూకాక వెళ్దామంటే వాడికి చీకటి. అందుకని తెల్లవారి వెళ్ళేవాళ్ళం, ఇద్దరికీ కొంచెం కొంచెం కనబడే టైమ్‌లో. ఆ గుడిలో గంటలు ఉండవు, ధ్యానానికి ప్రశాంతంగా ఉండాలని రామకృష్ణ మిషన్ స్వామీజీ ఒకరు కోరారట. మా వాడికి అది ఒక పెద్ద కంప్లైంట్. "గంట లేకపోతే నేనొచ్చిన అని స్వామికెట్ల తెలుస్తది?"

లోపల వేంకటేశ్వరుడు. నల్లరాయి, లోపలంతా మసక. లో విజన్‌కి అంతకంటే కష్టమైన బొమ్మ ఇంకోటి లేదు. మీరందరూ దణ్ణం పెట్టుకుంటూ కళ్ళు మూసుకుంటారు, మాకు తెరిచినా అంతే. హారతి ఇచ్చినప్పుడు మాత్రం ఒక అవకాశం. వెలుగు తిరుగుతూ ఉంటే వాడి గొట్టంలో ఒక్కో ముక్క పడేది. వాడు గొణిగేవాడు: "గడ్డం... శంఖం... ఇప్పుడు పాదాలు..." నాకు ముక్కలు కనబడవు, మొత్తం ఆకారం ఒక వెలుగు అంచుతో కనబడేది, నేరుగా చూడనంతసేపు. నేను "పెద్దగా ఉన్నాడు, తలుపంత ఉన్నాడు" అని చెప్పేవాణ్ణి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, వాడి ముక్కలు నా అంచుల్లో పెట్టుకుని ఒక స్వామిని తయారుచేసుకునేవాళ్ళం.

అక్కడే మొదలైంది ఈ ప్రశ్న. దర్శనం అంటే మనం స్వామిని చూడటమా, స్వామి మనల్ని చూడటమా? మనం తిరుమల వెళ్తే "దర్శనం బాగా అయ్యింది" అంటాం. అంటే బాగా కనబడ్డాడని. కానీ అక్కడి సంగతి చూడండి. వారంలో ఎక్కువ రోజులు స్వామి కళ్ళు పెద్ద నామం వెనక ఉంటాయి. గురువారం నామం తగ్గించినప్పుడు నేత్ర దర్శనం అంటారు, దానికోసమని వెళ్ళేవాళ్ళున్నారు. స్వామి కళ్ళు మనం చూడటం అంత ముఖ్యమెందుకైంది? ఆ కళ్ళ ముందు మనం పడాలని. వాడి లెక్క అది: "నేను చూసుడు కాదురా, ఆయన సూపు నా మీద పడాలె. అందుకే ఇక్కడికొస్త. నా కన్నుతోని ఆయనకేం పని?" కేనోపనిషత్తు కూడా ఇదే దారిలో మాట్లాడుతుంది, కన్ను చూడలేనిదేదో దానివల్లే కన్ను చూస్తోందని. వాడు కేనం చదవలేదు. పాలరాతి మెట్ల మీద కూర్చుని అన్నాడంతే.

ఒకరోజు ఆ మెట్ల దగ్గరే ఒక పెద్దాయన మమ్మల్ని కాసేపు గమనించి, చాలా ప్రేమగా అన్నారు, "పోయిన జన్మలో ఏం పాపం చేసుకున్నారో నాయనా, ఇంత చిన్న వయసులో" అని. నేను తల దించుకున్నా. మా వాడు "అది యాదికి లేదు సార్, కానీ ఈ జన్మల జరంత రోడ్డు దాటిస్తే మీకు పుణ్యం" అన్నాడు. ఆయన దాటించారు కూడా, పాపం, చెయ్యి గట్టిగా పట్టుకుని.

దీని మీద మేం చాలా రోజులు కొట్లాడుకున్నాం. నాకు కర్మ సిద్ధాంతం మీద నమ్మకం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే కర్మ గతి అంతుచిక్కనిది అన్నాక, ఎదుటివాడి కంటి జబ్బు చూసి వాడి పోయిన జన్మ చదివేసే శక్తి మనకెక్కణ్ణుంచి వచ్చింది? కర్మ అనే మాట ఎవరికి వారు తమ మీద వేసుకుని చూసుకోవాల్సిన అద్దం. ఇంకొకడి వైపు తిప్పితే అది రాయి. ఆ పెద్దాయన చెడ్డవారు కారు. ఆయనకి మా బాధకి ఒక కారణం కావాలి, అది దొరికితే ఆయన మనసు కుదుటపడుతుంది. మాకు మాత్రం ఇరవై ఏళ్ళ వయసులో ఆ కారణంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

దీనికి ఇంకో రకం ఉంది, ఓదార్పు రకం. చూపు లేదా? సూరదాసుని చూడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని చూడు, చిన్నప్పట్నుంచి చూపు మందమైనా వయొలిన్‌తో దేశాన్ని ఊపేశారు, విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఇప్పుడైతే శ్రీకాంత్ బొల్లా సినిమా చూడమంటారు. వాళ్ళంతా గొప్పవాళ్ళే, సందేహం లేదు. వాడి ప్రశ్న ఒకటే: "మంచిగున్నది. మరి వయొలిన్ రానోడు ఏం జెయ్యాలె?" కళ్ళున్నవాడు మామూలుగా బతికినా గౌరవం దొరుకుతుంది. మాకు మాత్రం అది గొప్పతనంతో కొనుక్కోవాల్సిన సరుకులా ఉండేది. వాడు దాన్ని కొననన్నాడు. నేనేమో ఇంకో దారి పట్టా. దాచడం.

అవును, నేను దాచేవాణ్ణి. వాడికి తప్ప కాలేజీలో ఎవరికీ తెలియదు, లేదా తెలియదని నేననుకున్నా. మెనూ కార్డు ఇస్తే "నువ్వే చెప్పు, నాకేదైనా ఓకే" అనేవాణ్ణి. క్లాసులో బోర్డు చదవమంటే గొంతు బాగాలేదు. ఎవరైనా దూరం నుంచి చెయ్యి ఊపితే ఎవరైనా సరే అని నేనూ ఊపేసేవాణ్ణి. కళ్ళలోకి చూసి మాట్లాడడు, నమ్మదగ్గ మనిషి కాడు అని నా గురించి ఒకరు అన్నారని విన్నా. చెవి వైపు చూస్తేనే మీరు కనబడతారండీ అని చెప్తే ఒక్క ముక్కతో పోయేది. చెప్పలేదు. అబద్ధం ఆడుతున్నానని ఎప్పుడూ అనిపించలేదు నాకు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, ఇందులో అబద్ధం ఎక్కడుంది?

2012 జనవరి. ఫైనలియర్. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్దామని క్లాసు వాళ్ళంతా అనుకున్నారు. నుమాయిష్ అంటే హైదరాబాద్ వాళ్ళకి తెలుసు, బయటివాళ్ళ కోసం చెప్తున్నా: 1938లో మొదలైన ఎగ్జిబిషన్, ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. కశ్మీర్ శాలువాల నుంచి లక్నో బట్టల దాకా, మిర్చీ బజ్జీ, జెయింట్ వీల్, పిల్లల రైలు, దుమ్ము, మైకులు, జనం. సాయంత్రాలు జనం మరీ ఎక్కువ.

మా వాడు రానన్నాడు. రాత్రిపూట, అంత గుంపులో, వాడికి ఏమీ కనబడదు. నేనే పట్టుబట్టా. "నేనున్నా కదరా, భుజం వదలకు" అన్నా. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లోపలికి వెళ్ళాక మిగతావాళ్ళు కలిశారు. వాళ్ళలో నేను బాగా కనబడాలనుకునే ఒకరిద్దరు ఉన్నారు, ఆ వయసు అట్లాంటిది. నా భుజం మీద వాడి చెయ్యి. ఒకడు నవ్వుతూ "ఏంట్రా, పెళ్ళి ఊరేగింపా?" అన్నాడు. అంతే. చాలా చిన్న మాట. నేను పక్కనున్న స్టాల్ చూస్తున్నట్టు ఒక అడుగు పక్కకి జరిగా. చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకోవడానికి వాడు చేతిని గాలిలో రెండుసార్లు కదిపాడు, అది నాకు అంచుల్లో కనబడింది. నా అంచులు బాగా పనిచేస్తాయని చెప్పా కదా. గుంపు మా మధ్యలోంచి పోయింది.

"రేయ్ సైడ్ హీరో, యాడున్నవ్ రా?" అని పిలిచాడు. నేను పదడుగుల దూరంలో ఉన్నా. విన్నా. పక్కవాళ్ళు ఏదో జోక్ వేస్తే నేను నవ్వాను కూడా. వాడు రెండోసారి పిలిచాడు, ఈసారి నా అసలు పేరుతో. నేను పలకలేదు. పలికితే వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి, పట్టుకుంటే ఎందుకని అడుగుతారు, చెప్తే వాడి గురించి చెప్పడం మొదలై నా దగ్గరికొస్తుంది. ఇదంతా అప్పుడు ఇంత వరసగా ఆలోచించలేదు లెండి. భయం వరసగా ఆలోచించదు.

పిల్లల రైలు దాకా వెళ్ళాక ఆగలేకపోయా. ఏదో వంక చెప్పి వెనక్కి పరిగెత్తా. వాడు అక్కడ లేడు. అరగంట వెతికా. నా చూపుతో అంత గుంపులో ఒక మనిషిని వెతకడం అంటే ప్రతి ముఖం పక్కకీ చూడటం. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్తున్నారు. మైకులో చెప్పించుకుంటే వాడు దొరికేవాడు. కానీ మా ఇద్దరి పేర్లూ అందరూ వింటారని అక్కడికీ వెళ్ళలేదు. ఆ రాత్రి నేను చేసినవాటిలో అదే అన్నింటికంటే పెద్ద తప్పని ఇప్పుడనుకుంటా. చెయ్యి వదలడం ఒక్క క్షణం. మైకు దగ్గరికి వెళ్ళకపోవడం అరగంట.

వాడు ఒక వెదురు గుంజ పట్టుకుని నిలబడ్డాడట. కశ్మీరీ శాలువాల షాపతను చూసి, లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, షాపు పని మనిషికి అప్పజెప్పి, చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చి ఆటో ఎక్కించాడట. మర్నాడు హాస్టల్‌కి వెళ్ళి "గుంపులో తప్పిపోయాం రా, నువ్వు పిలిచావా? నాకు వినబడలేదు" అన్నా. ఇదిగో, ఇది అచ్చమైన అబద్ధం. ఏళ్ళ తరబడి ఏ అబద్ధమూ ఆడలేదనుకున్నవాడికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. వాడు "అవునా, సరే పా, టిఫిన్ జేద్దం" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు, ఎప్పటిలాగే.

ఆ నెలలోనే అనుకుంటా, వాడు నాకు ద్రోణపర్వం చదువుతున్నాడు. అశ్వత్థామ చచ్చాడని ధర్మరాజు గట్టిగా చెప్పి, ఏనుగు అన్నది మెల్లగా అనేసే ఘట్టం. అప్పటిదాకా ఆయన రథం నేలకి నాలుగంగుళాల పైన నడిచేదట, ఆ మాటతో చక్రాలు నేలని తాకాయట. వాడు చదవడం ఆపి "ఒక్క మాటకే గంత శిక్షా?" అన్నాడు. నేనేమీ అనలేదు. నాకేమో శిక్ష సంగతి కంటే రథం సంగతి పట్టుకుంది. ధర్మరాజు రథం దిగింది సరే, నా రథం పైన నడిచింది ఎప్పుడు? దాచడం అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నదంతా, ఏనుగు మాటని మెల్లగా అనడమే కదా.

మిత్రులు కొందరు నన్ను అడుగుతుంటారు, నా ఆరోగ్యం నా సొంత విషయం, చెప్పాలా వద్దా అన్నది నా ఇష్టం కాదా అని. మీ ఇష్టమే. ఆఫీసులో, పెళ్ళిచూపుల్లో, ఎక్కడ ఎంత చెప్పాలన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి, ప్రపంచం అంత మంచిదేమీ కాదు. దాచుకునే హక్కు మనకుంది. కానీ నేను గమనించింది ఒకటుంది. మనం దాచుకున్నదాన్ని కాపాడటానికి ఎప్పుడో ఒకసారి ఇంకొకళ్ళని ఖర్చు పెట్టాల్సి వస్తుంది. నేను వాణ్ణి ఖర్చు పెట్టా. అప్పటిదాకా అది నా సొంత విషయం. ఆ రాత్రి నుంచి కాదు.

డిగ్రీ అయ్యాక వాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, జిల్లాలో. కంప్యూటర్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేసేవాడు. గొట్టం ఇంకా సన్నబడిందని ఫోన్‌లో చెప్పేవాడు, వాతావరణం చెప్పినట్టు. నేను ఇక్కడే ఉండిపోయా. ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకి, స్క్రీన్‌కి ముక్కు ఆనించి దొరికిపోయి, ఆఫీసులో చెప్పేశా. ఏమీ కాలేదు. పెద్ద మానిటర్ ఇచ్చారు. దీనికా ఇన్నేళ్ళు అనిపించింది.

2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోన్ చేశా. కరోనా రోజులు, అందరూ అందరికీ ఫోన్లు చేసుకుంటున్నారు కదా. మాటల్లో నుమాయిష్ వచ్చింది, ఆ ఏడు జరగలేదని. ఎందుకో ఆపుకోలేకపోయా. "రేయ్, ఆ రోజు నువ్వు పిలిచినప్పుడు నాకు వినబడిందిరా" అన్నా.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వాడు. "నాకెరుకే. నువ్వు నవ్వినవ్ కద. నీ నవ్వు నాకు తెల్వదా?"

చీకట్లో మనుషుల్ని గొంతుతోనే గుర్తుపట్టే వాడికి, పదడుగుల దూరంలో నేను నవ్వితే తెలియదని నేనెట్లా అనుకున్నానో! తొమ్మిదేళ్ళు. ఆ మర్నాడు నేను అబద్ధం చెప్తుంటే వాడికి తెలుసు. టిఫిన్‌కి పోతూ భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలుసు. ద్రోణపర్వం చదివినప్పుడు తెలుసు. ఒక్క మాటకే గంత శిక్షా అని అడిగింది ధర్మరాజు గురించేనా?

"మరి ఎందుకు అడగలేదురా?" అన్నా. "అడిగితే నువ్వు చెప్పవ్, ఇంకో అబద్ధం ఆడతవ్. నాకెందుకా పాపం? నువ్వే చెప్తవని చూస్తున్న" అన్నాడు. ఆ తర్వాత శాలువా షాపతను ఇచ్చిన టీ గురించి మాట్లాడాడు. అంత మంచి టీ మళ్ళీ తాగలేదట.

మే నెలలో వాడు పోయాడు. ఇరవై రోజులు కూడా లేదు మధ్యలో. చివరిచూపుకి వెళ్ళడానికి కూడా లేని రోజులవి, మీకు గుర్తే ఉంటుంది.

వాడు క్షమించాడు కదా, ఇంకేం అని మా ఆవిడ అంటుంది. క్షమించాడు, నిజమే. నాకంటే ముందే, నేను అడక్కముందే. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేను వాడికి కనబడుతూనే ఉన్నాను అన్నమాట, మొత్తంగా, నేను దాచుకున్నది కూడా కలిపి. బిర్లా మందిర్ మెట్ల మీద వాడు చెప్పిన దర్శనం అది. స్వామి చూపు నా మీద పడాలి అని వాడు అడగటానికి వెళ్ళేవాడు. నేను కూడా వెళ్ళేవాణ్ణి, కానీ చూడటానికి మాత్రమే. కనబడటానికి కాదు. ఇప్పుడు గుడికి వెళ్తే ముందు ఆ భయమే వస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది.

మొన్న జనవరిలో నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగాను. ప్లాట్‌ఫామ్ మీద పసుపు రంగు పలకలు ఉంటాయి చూడండి, ఉబ్బెత్తు గీతలు, చుక్కలతో. అవి డిజైన్ కోసం అనుకునేవాళ్ళున్నారు. గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని. జపాన్‌లో సెయీచీ మియాకే అనే ఆయన 1965లో వాటిని తయారుచేశారు. చూపు పోతున్న ఒక స్నేహితుడి కోసం, తన సొంత డబ్బుతో. 1967లో ఒకాయామా ఊళ్ళో అంధుల బడి దగ్గర రోడ్డు మీద మొదటిసారి వేశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి, నాంపల్లిలో కూడా ఉన్నాయి. నేను చెప్పు విప్పి బొటనవేలితో ఆ చుక్కలు తడిమి చూశా. కన్నప్ప మనోడు అన్న మాట చెవిలో వినబడింది. వెనకాల ఎవరో "భయ్యా, చలో" అని తోశారు.

కిందికి దిగాను. సాయంత్రం, నుమాయిష్‌కి వెళ్ళే జనం, హారన్లు. ఎదురుగా హెడ్‌లైట్లు నా కళ్ళలో మచ్చ మీద మచ్చ వేస్తున్నాయి. ఇంతకుముందైతే ఎవరో ఒకరి వెనకాల వాళ్ళతో వచ్చినవాడిలా నడిచి దాటేసేవాణ్ణి, ఆ విద్యలో నాకు పీహెచ్‌డీ ఉంది. పక్కనొకాయన చిన్నపాపని ఎత్తుకుని నిలబడ్డాడు. "అన్నా, నాకు సరిగ్గా కనబడదు. రోడ్డు దాటిస్తారా?" అన్నా. ఆ రోడ్డు మీద ఆ మాట నేను గట్టిగా అనడం అదే మొదటిసారి.

ఆయన నా ముఖం వైపు ఒకసారి చూశాడు, అంచుల్లో కనబడింది. పాపని ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఇదర్ పకడో భాయ్" అని భుజం ఇచ్చాడు.